రిసెప్షన్ నుంచి ఎండీ గారి ఈఏగా: రెండు నెలల్లో అసలు ఏమి నేర్చుకోవాలి?

మదనపల్లె_మాధురి
బెంగళూరులో వైట్‌ఫీల్డ్ వైపు ఒక తయారీ కంపెనీ ప్రధాన కార్యాలయంలో రిసెప్షన్, అడ్మిన్ పనులు చూస్తున్నాను. చదివింది బీకామ్. మా ఎండీ గారి ఎగ్జిక్యూటివ్ అసిస్టెంట్ (ఈఏ) పెళ్ళి చేసుకుని పుణె వెళ్ళిపోతున్నారు. బయటి నుంచి మనిషిని తెచ్చే ముందు లోపల ఎవరైనా ఉన్నారా అని హెచ్‌ఆర్ వాళ్ళు అడిగితే మా మేనేజరు నా పేరు చెప్పారట. ఇంటర్వ్యూకు రెండు నెలలు గడువు ఇచ్చారు.

ఈలోగా కోర్సు ఏదైనా చేద్దామని ఒక శిక్షణ సంస్థకు వెళ్ళాను. 'అంతర్జాతీయ సర్టిఫికెట్' అట, నా రెండు నెలల జీతం కంటే ఎక్కువ అడిగారు. సిలబస్ తెప్పించుకుని చూస్తే వ్యక్తిత్వ వికాసం, దుస్తులు ఎలా వేసుకోవాలి, ఫోనులో ఎలా మాట్లాడాలి. ఫోనులో మాట్లాడటం నేను రోజంతా చేసే పనే కదా! ఈ ఉద్యోగానికి ఏమి రావాలని ఎవరిని అడిగినా 'స్మార్ట్‌గా ఉండాలి' అంటున్నారు. అది ఎక్కడ నేర్పుతారు? ఈ పని చేస్తున్నవాళ్ళు ఎవరైనా ఉంటే దయచేసి నిజంగా పనికొచ్చేది చెప్పండి.

సర్జాపురం_సుబ్బు
డబ్బు కట్టకండి. సిలబస్‌లో క్యాలెండర్ ఊసే లేదంటే ఈ పని చేసినవాళ్ళు ఎవరూ దాన్ని రాయలేదన్నమాట.

హెబ్బాళ_వాణి
చాలా ఏళ్ళుగా ఇదే పనిలో ఉన్నాను. కాస్త వివరంగా చెబుతాను.

ఈ ఉద్యోగంలో మీ చేతికి అప్పగించేది ఒక మనిషి సమయం. ఆయన్ను రోజుకు ఇరవై మంది అడుగుతారు, ఆరేడుగురికి మించి ఇవ్వలేరు. ఆ ఆరేడుగురు ఎవరన్నది తేల్చడమే అసలు పని. టైపింగు, టికెట్లు, ఫైళ్ళు అన్నీ దాని తర్వాతే. అందుకే పాత ఈఏ వెళ్ళేలోగా ఆవిడ పక్కన కూర్చుని గడిచిన మూడు నెలల క్యాలెండర్ చూడండి. ఎవరి సమావేశం ఎన్నడూ వాయిదా పడదు? ఎవరిది ఎప్పుడూ పడుతుంది? అరగంట అని రాసి గంటన్నర సాగే సమావేశం ఏది? ఆయన ఫ్యాక్టరీకి వెళ్ళే రోజు ఏది? కష్టమైన విషయం పొద్దున చెబితే వింటారా, సాయంత్రమా? ఇవన్నీ ఆవిడ బుర్రలో ఉన్నాయి. అడిగి రాసుకోకపోతే ఆవిడతోపాటే పుణె రైలెక్కుతాయి.

తర్వాత రాయడం. 'రేపటి మీటింగుల విషయం ఏమి చేయమంటారు సార్?' అని పంపితే ఆలోచించే పని ఆయనకే మిగులుతుంది. అదే ఇలా రాయండి: 'రేపు 11 గంటలకు బ్యాంకు వాళ్ళూ ఆడిటర్లూ ఇద్దరూ అడుగుతున్నారు. బ్యాంకు వాళ్ళకు శుక్రవారం లోపు జవాబు కావాలి. ఆడిటర్లు సోమవారం దాకా ఆగుతామన్నారు. 11 బ్యాంకుకు ఇచ్చి ఆడిటర్లను సోమవారానికి మార్చనా?' కారులోంచే 'సరే' అని ఒక్క మాట పెడతారు. ఈ రెండు నెలలూ మీ మేనేజరుకు పంపే ప్రతి మెయిలూ ఈ పద్ధతిలో రాసి చూడండి. ఇంటర్వ్యూలో మీ మాట తీరే మారిపోతుంది.

ఆఖరిది, ఆయన గదిలో విన్నది క్యాంటీన్‌లో వినపడకూడదు. మీరు రిసెప్షన్ నుంచి వెళ్తున్నారు కాబట్టి పాత స్నేహితులే 'లోపల ఏమి జరుగుతోంది' అని అడుగుతారు. మొదటి రోజు నవ్వి ఊరుకుంటే రెండో రోజు అడగరు.

జయనగర్_పాత_స్టెనో
అందరూ షార్ట్‌హ్యాండ్‌ను, అదే గుర్తులతో వేగంగా రాసే పద్ధతిని, మరిచిపోయినట్టున్నారు. మా రోజుల్లో టైపు లోయరు, హయ్యరు, షార్ట్‌హ్యాండ్ పాసైతేనే సెక్రటరీ. ఐజాక్ పిట్మన్ 1837లో ప్రచురించిన పద్ధతి ఇది, నేటికీ నిలిచే ఉంది. ఆంధ్ర, తెలంగాణల్లో సాంకేతిక విద్యా మండళ్ళు ఇప్పటికీ ఆ పరీక్షలు పెడుతున్నాయి. ఐటీఐలో 'స్టెనోగ్రాఫర్ అండ్ సెక్రటేరియల్ అసిస్టెంట్' అని ఏడాది ట్రేడు ఉంది. అమ్మా మాధురీ, ఈ మూలం లేకుండా పై మెరుగులు ఎన్ని దిద్దినా నిలవవు.

కోరమంగళ_కిరణ్
పెద్దాయన మీద గౌరవంతోనే చెబుతున్నాను. ప్రైవేటు కంపెనీలో ఈ రోజు షార్ట్‌హ్యాండ్ ఎవరూ అడగరు. సమావేశం జరుగుతుండగానే మాటలను అక్షరాలుగా మార్చే సాఫ్ట్‌వేర్లు వచ్చేశాయి. రెండు నెలల్లో షార్ట్‌హ్యాండ్ రాదు కూడా. ఆ సమయం ఎక్సెల్ మీద పెడితే మేలు.

జయనగర్_పాత_స్టెనో
కిరణ్ గారూ, ప్రభుత్వ ఉద్యోగాలకు అడుగుతున్నారు కదా. స్టాఫ్ సెలెక్షన్ కమిషన్ స్టెనోగ్రాఫర్ పరీక్షలో గ్రేడ్ సీకి నిమిషానికి 100 మాటలు, గ్రేడ్ డీకి 80 మాటల చొప్పున పది నిమిషాల డిక్టేషన్ ఇస్తారు. ఇక మీ సాఫ్ట్‌వేరు సంగతి. జీతాల గురించో, ఒకరిని తీసేయడం గురించో మాట్లాడే గదిలో దాన్ని ఆన్ చేయనిస్తారా? అక్కడ రాసుకునేది మనిషే.

హెబ్బాళ_వాణి
ఇద్దరిదీ నిజమే. మాధురి గారికి ఇప్పుడు షార్ట్‌హ్యాండ్ అవసరం లేదు. కానీ పెద్దాయన అన్నదాంట్లో ఒకటి పట్టుకోండి, వింటూ రాసుకోవడం. సాఫ్ట్‌వేరు ఇచ్చిన ప్రతిలో దొడ్డబళ్ళాపుర, శ్రీపెరుంబుదూరు లాంటి ఊరి పేర్లు, మన ఇంటిపేర్లు గుర్తుపట్టలేనంతగా మారిపోయి ఉంటాయి. అంకెలు కూడా. పదిహేనుకూ యాభైకీ ఇంగ్లీషులో తేడా అది ప్రతిసారీ పట్టదు. సమావేశం అయిన గంటలోపు మీ నోట్సుతో సరిచూసి, ఏమి నిర్ణయించారు, ఎవరు చేయాలి, ఏ తేదీకి అన్న మూడూ రాసి పంపండి. ఎవరు ఏమన్నారో అంతా రాయకండి. అలా రాస్తే ఎవరూ చదవరు, పైగా రెండు గొడవలు పుడతాయి.

నోటీసు_నాగరాజు
నేను కంపెనీ సెక్రటరీని. పై పోస్టు మామూలు సమావేశాలకు సరిపోతుంది. బోర్డు సమావేశపు మినిట్స్ (అక్కడి నిర్ణయాల అధికారిక నమోదు) మాత్రం ఈఏ పని కాదు, అది మా పని. పరీక్షలు పాసై కంపెనీ సెక్రటరీల ఇన్‌స్టిట్యూట్‌లో సభ్యత్వం ఉన్నవాళ్ళు చేయాల్సింది. కానీ మా గడువులు తెలిసిన ఈఏ దొరికితే మాకు పండగే. కంపెనీల చట్టం 2013 ప్రకారం ఏడాదికి కనీసం 4 బోర్డు సమావేశాలు జరగాలి, రెండింటి మధ్య 120 రోజులు దాటకూడదు, నోటీసు 7 రోజుల ముందే పంపాలి. మినిట్స్ ముసాయిదా 15 రోజుల్లో డైరెక్టర్లకు వెళ్ళాలి, వాళ్ళు 7 రోజుల్లో అభిప్రాయం చెప్పాలి, 30 రోజుల్లో పుస్తకంలోకి ఎక్కాలి. కాబట్టి ఏడాది మొదట్లోనే మా దగ్గరకు వచ్చి ఆ తేదీలు తీసుకుని ఎండీ గారి క్యాలెండర్‌లో పెట్టేయండి. ఆ రోజుల మీద ఇంకెవరూ చేయి వేయకుండా కాపాడండి.

ఇంకొకటి గట్టిగా చెప్పాలి. ఎండీ గారి డిజిటల్ సంతకం టోకెను (పెన్‌డ్రైవు లాంటిది), దాని పాస్‌వర్డు మీ డ్రాయరులో పెట్టుకోమని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. ఆ సంతకం ఎవరిదో వాళ్ళే తమ అధీనంలో ఉంచుకోవాలని సమాచార సాంకేతిక చట్టం 2000 చెబుతోంది. చాలా ఆఫీసుల్లో ఇది పట్టించుకోరు. ఏదైనా జరిగినప్పుడు మాత్రం టోకెను ఎవరి డ్రాయరులో ఉందో వాళ్ళనే ముందు అడుగుతారు.

మదనపల్లె_మాధురి
ఇన్ని విషయాలు ఒక్క రోజులో తెలుస్తాయనుకోలేదు. పాత ఈఏ గారిని అడిగాను, సంతోషంగా ఒప్పుకున్నారు. రోజూ సాయంత్రం అరగంట ఇస్తానన్నారు. ఆవిడ చూపించినదాంట్లో ఒకటి అర్థం కాలేదు. లండన్ వాళ్ళతో వారంవారం జరిగే కాల్ కొన్ని నెలలు మధ్యాహ్నం 2:30కి, కొన్ని నెలలు 1:30కి ఉంది. ఎందుకు మారుతుంది?

కోరమంగళ_కిరణ్
వాళ్ళు గడియారం మారుస్తారు, మనం మార్చం. లండన్ మార్చి చివరి ఆదివారం గంట ముందుకు, అక్టోబరు చివరి ఆదివారం గంట వెనక్కు వెళ్తుంది. చలికాలంలో మనకూ వాళ్ళకూ తేడా 5:30 గంటలు, వేసవిలో 4:30. అమెరికా తేదీలు వేరు, మార్చి రెండో ఆదివారం, నవంబరు మొదటి ఆదివారం. అంటే మార్చిలో రెండు మూడు వారాలు, అక్టోబరు చివర ఒక వారం అమెరికా, యూరప్‌ల మధ్య తేడా కూడా మారిపోతుంది. మూడు ఖండాల కాల్ పెట్టేవాళ్ళకు గండం ఆ వారాలే. సింగపూర్ మారదు, ఎప్పుడూ మనకంటే 2:30 గంటలు ముందే.

ఇంకో కిటుకు. ప్రతివారం జరిగే కాల్ ఎవరు సృష్టిస్తే వాళ్ళ సమయాన్నే పట్టుకుని ఉంటుంది. లండన్ వాళ్ళు పెడితే మన గడియారంలో మారుతుంది, మనం పెడితే వాళ్ళ గడియారంలో మారుతుంది. ఎండీ గారి మధ్యాహ్న భోజనం మారకూడదనుకుంటే ఆ ఆహ్వానం మీరే పంపండి.

సర్జాపురం_సుబ్బు
చివరి వాక్యానికి వంద దండాలు కిరణ్ గారూ. మా బాస్ భోజనం ఏడాదికి ఏడు నెలలు ఎందుకు పోతోందో ఇప్పుడు తెలిసింది.

నెల్లూరు_నీరజ
అందరూ కోర్సు వద్దంటున్నారు, నేను ఒప్పుకోను. మాది చిన్న ఊరు, నేను చదివిన కళాశాల పేరు బెంగళూరులో ఎవరికీ తెలియదు. మహిళా పాలిటెక్నిక్‌లో కమర్షియల్ అండ్ కంప్యూటర్ ప్రాక్టీస్ డిప్లొమా చేయబట్టే నా దరఖాస్తు పక్కన పడేయకుండా చూశారు. పని తెలిసినా ఆ గది తలుపు తెరుచుకోవాలి కదా. చేతిలో కాగితం లేనివాళ్ళకు ఆ బాధ తెలుస్తుంది.

హెబ్బాళ_వాణి
నీరజ గారూ, బయటి నుంచి దరఖాస్తు చేసేవాళ్ళకు మీ మాట పూర్తిగా వర్తిస్తుంది. మూడేళ్ళ డిప్లొమా వేరు, ఈ దుస్తుల కోర్సు వేరు. మాధురి గారికి తలుపు ఇప్పటికే సగం తెరిచారు. కావాలంటే కొన్నేళ్ళ అనుభవం వచ్చాక సీఏపీ (సర్టిఫైడ్ అడ్మినిస్ట్రేటివ్ ప్రొఫెషనల్) పరీక్ష రాయవచ్చు. 1942లో అమెరికాలో మొదలైన అడ్మినిస్ట్రేటివ్ వృత్తి నిపుణుల సంఘం, ఐఏఏపీ, దాన్ని నిర్వహిస్తుంది. అనుభవం చూపించనిదే కూర్చోనివ్వరు, అందుకే దానికి విలువ ఉంది.

నెల్లూరు_నీరజ
అలా అయితే సరే. కానీ 'కోర్సులన్నీ దండగ' అని ఈ పేజీ చదివి ఎవరూ వెళ్ళకూడదని రాశాను.

మైలాపూర్_రఘు
చెన్నై నుంచి. ప్రయాణాల గురించి ఎవరూ రాయలేదు. ఈఏకు నిద్ర పట్టనివ్వనిది అదే. నేను పదే పదే చూసేది పేర్ల సమస్య. ఇక్కడి తెలుగు కుటుంబాల్లో చాలామంది ఇంటిపేరు వదిలేసి తమిళుల పద్ధతిలో ఇనీషియల్ పెట్టుకున్నారు. విజిటింగ్ కార్డు మీద ఒకలా, ఆధార్‌లో ఒకలా, పాస్‌పోర్టులో ఇంకోలా ఉంటుంది. టికెట్ మీద పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి, అంతే. కొందరి పాస్‌పోర్టులో ఒకే మాట ఉంటుంది, రెండో గడి ఖాళీ. అలాంటి పాస్‌పోర్టు మీద సందర్శక వీసాతో వచ్చేవాళ్ళను రానివ్వబోమని యూఏఈ 2022 నవంబరులో ప్రకటించింది. అమెరికా వీసాలో అయితే ఉన్న ఒక్క మాటను ఇంటిపేరు గడిలో పెట్టి, పేరు గడిలో 'ఎఫ్ఎన్‌యూ' (మొదటి పేరు తెలియదు) అని వేస్తారు. మా చైర్మన్ గారికి దుబాయ్ ప్రయాణం తేలకముందే పాస్‌పోర్టు చూసి పేరు రెండు భాగాలు చేయించాను. టికెట్ కొన్నాక చూసి ఉంటే ఏమయ్యేదో!

చేరిన మొదటి వారంలోనే ఆయన పాస్‌పోర్టు ఎప్పటిదాకా ఉంది, ఏ ఏ వీసాలు ఉన్నాయి, ఎప్పుడు ముగుస్తాయి అన్నవి ఒక పట్టికలో రాసుకోండి. చాలా దేశాలు ఆరు నెలల గడువు మిగిలి ఉండాలంటాయి.

లెక్కల_లక్ష్మి
అకౌంట్స్ తరఫున ఒక మనవి. విమానం టికెట్ కొనేటప్పుడే కంపెనీ జీఎస్టీ నంబరు వేయించండి, హోటల్లో గది తీసుకునేటప్పుడే చెప్పించండి. నెల తర్వాత బిల్లు మార్చమని మీరు, మార్చబోమని హోటలు, నడుమ నేను! ఇంకోటి, హోటలు ఏ రాష్ట్రంలో ఉంటే పన్ను ఆ రాష్ట్రానిది. కంపెనీ కర్ణాటకలో మాత్రమే నమోదై ఉంటే హైదరాబాదు హోటలు బిల్లు మీద కట్టిన జీఎస్టీ క్రెడిట్, అంటే దాన్ని మన పన్నులో తగ్గించుకునే వీలు, మనకు రాదు. ఇది తెలియక 'నంబరు ఇచ్చాను కదా, ఎందుకు రాలేదు' అని ఈఏలు అడుగుతుంటారు.

సర్జాపురం_సుబ్బు
అకౌంట్స్ వాళ్ళతో స్నేహం కూడా ఈ ఉద్యోగానికి కావాల్సిన నైపుణ్యమే అని రాసుకోండి మాధురి గారూ.

కోలారు_కోమల
కన్నడ గురించి ఎవరూ చెప్పలేదేమిటి? మన తెలుగువాళ్ళు బెంగళూరులో తెలుగుతో గడిచిపోతుందని ఊరుకుంటారు, నిజంగానే గడిచిపోతుంది కూడా. కానీ డ్రైవరు, సెక్యూరిటీ, ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తా, పంచాయతీ నుంచి ఫ్యాక్టరీ పని మీద వచ్చే పెద్దమనిషి, వీళ్ళందరితో కన్నడలో రెండు మాటలు మాట్లాడే ఈఏకు పనులు జరిగే తీరే వేరు. లిపి మనదానికి దగ్గర కాబట్టి చదవడం త్వరగా వస్తుంది. మదనపల్లె అంటే మాకు సరిహద్దు ఊరే, మీకు చెవికి కొత్త కాదు.

మదనపల్లె_మాధురి
కోమల గారూ, మాట్లాడటం వచ్చు, చదవడం ఈ వారమే మొదలుపెడతాను. మాది లిస్టెడ్ కంపెనీ. మా తమ్ముడు షేర్లు కొంటూ అమ్ముతూ ఉంటాడు, మా కంపెనీవి కూడా కొన్ని ఉన్నాయి. నేను ఎండీ గారి దగ్గర చేరితే ఏమైనా ఇబ్బందా?

నోటీసు_నాగరాజు
చాలా మంచి ప్రశ్న, చేరకముందే అడిగారు. షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2015లో తెచ్చిన ఇన్‌సైడర్ ట్రేడింగ్ (లోపలి సమాచారంతో షేర్లు కొనడం, అమ్మడం) నిబంధనల ప్రకారం, షేరు ధరను ప్రభావితం చేసే, ఇంకా బయటికి రాని సమాచారం అందుబాటులో ఉండే సహాయక సిబ్బందిని కూడా కంపెనీ ప్రత్యేక జాబితాలో పెట్టాలి. అందులో సెక్రటేరియల్ సిబ్బంది అని విడిగా పేర్కొన్నారు. ఎండీ గారి ఈఏ ఆ జాబితాలో ఉండకుండా ఉండరు. ప్రతి త్రైమాసికం ముగిసిన నాటి నుంచి ఫలితాలు ప్రకటించాక 48 గంటల దాకా మీరు కంపెనీ షేర్లు కొనకూడదు, అమ్మకూడదు. మిగతా సమయంలో కూడా నిర్ణీత విలువ దాటితే ముందు అనుమతి తీసుకోవాలి. ఇది మీకే కాదు, దగ్గరి బంధువులకూ వర్తిస్తుంది. తమ్ముడు ఆర్థికంగా మీ మీద ఆధారపడినా, షేర్ల విషయంలో మిమ్మల్ని అడిగి నిర్ణయం తీసుకున్నా ఆ లెక్కలోకి వస్తాడు. మీ కంపెనీ సెక్రటరీని కలిసి ఈ సంగతి చెప్పండి. అన్నింటికంటే ముందు, ఇంట్లో భోజనాల దగ్గర ఆఫీసు మాటలు ఆపేయండి. 'మా సార్ ఈ వారం రెండుసార్లు ఆ కంపెనీ వాళ్ళను కలిశారు' అన్న ఒక్క వాక్యం చాలు, కేసు కావడానికి.

అనంతపురం_అరుణ
నా బాధ వేరు. మా బాస్ పిల్లల స్కూలు ఫీజులు, ఇంటి ప్లంబరు, అత్తగారి మందులు అన్నీ నాతోనే చేయిస్తారు. చేరేటప్పుడు ఎవరూ చెప్పలేదు. ఇది ఈఏ పనేనా? మాధురి గారు ముందే గీత గీసుకోవాలి.

మైలాపూర్_రఘు
అరుణ గారూ, కొంత వరకు పనే. పిల్లల స్కూల్లో తల్లిదండ్రుల సమావేశం ఆయన క్యాలెండర్‌లో లేకపోతే ఆ సమయానికి మీరే ఇంకొకరికి మాట ఇస్తారు. ఆయన మనసు కుదుటపడి ఆఫీసు పని చేస్తే అది కంపెనీకీ లాభమే.

అనంతపురం_అరుణ
క్యాలెండర్‌లో పెట్టడం వేరు రఘు గారూ, మందుల దుకాణం దగ్గర వరుసలో నిలబడటం వేరు. మగ ఈఏను ఎవరైనా అత్తగారి మందులు తెమ్మంటారా? మిమ్మల్ని ఎప్పుడైనా అడిగారా?

మైలాపూర్_రఘు
అడగలేదు. మీరన్నది ఆలోచించాల్సిన మాటే.

హెబ్బాళ_వాణి
అరుణ గారి పక్షమే నేను. మాధురి గారూ, ఇంటర్వ్యూలోనే మర్యాదగా అడగండి: 'వ్యక్తిగత పనుల్లో ఏవి నా బాధ్యతలోకి వస్తాయి?' అని. మంచి బాస్ అయితే ఆ ప్రశ్నకు నొచ్చుకోరు. ఆయన బ్యాంకు పాస్‌వర్డులు, ఓటీపీలు మాత్రం ఏ పరిస్థితిలోనూ మీ దగ్గర ఉండకూడదు. ఇక వేళకాని వేళ అనవసరమైన సందేశాలు, హద్దు దాటిన మాటలు వస్తే అది వ్యక్తిగత పని కిందకు రాదు. పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతి చోటా, పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపుల నిరోధానికి వచ్చిన 2013 చట్టం ప్రకారం అంతర్గత కమిటీ ఉండాలి, మూడు నెలల లోపు ఫిర్యాదు చేయాలి. ఆ కమిటీలో ఎవరున్నారో తెలుసుకుని ఉండటం మంచిది.

కోరమంగళ_కిరణ్
ఓటీపీ అన్నారు కాబట్టి గుర్తొచ్చింది. ఎండీ పేరుతో 'సమావేశంలో ఉన్నాను, ఫోను చేయకు, వెంటనే ఈ ఖాతాకు డబ్బు పంపించు' అని మెయిలో వాట్సాప్ సందేశమో కొత్త ఈఏకు తప్పకుండా వస్తుంది. పేరు, ఫొటో ఆయనవే ఉంటాయి. చేరిన రోజే ఆయనతో మాట్లాడుకోండి, డబ్బు విషయం ఏదైనా ఆయన గొంతు విననిదే కదలదని. డబ్బు పోయిందని తెలిస్తే క్షణం ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయాలి.

మదనపల్లె_మాధురి
హెచ్‌ఆర్ వాళ్ళు ఇంటర్వ్యూకు ముందు ఒక పని ఇచ్చారు. అక్టోబరు చివర ఎండీ గారు ఫ్రాంక్‌ఫర్ట్‌లో మూడు రాత్రులు, మిలాన్‌లో రెండు రాత్రులు ఉండేలా ప్రయాణ ప్రణాళిక ఒక పేజీలో రాయమన్నారు. మధ్యలో షికాగో వాళ్ళతో ఒక కాల్ కూడా ఉండాలి. నేను రాసింది ఇది:

వీసా: షెంగెన్ (యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఒకే వీసా), దరఖాస్తు ఇటలీ కార్యాలయంలో, ప్రయాణానికి పది రోజుల ముందు. బయలుదేరేది శనివారం రాత్రి, విమానం 3:00 గంటలకు. ఇంటి నుంచి కారు రాత్రి 11:30కి. ఆదివారం విశ్రాంతి, సోమవారం నుంచి సమావేశాలు. షికాగో కాల్ సోమవారం ఫ్రాంక్‌ఫర్ట్ సమయం సాయంత్రం 4:00, షికాగోలో ఉదయం 9:00. బుధవారం మిలాన్.

తప్పులుంటే మొహమాటపడకుండా చెప్పండి.

మైలాపూర్_రఘు
పేజీ చక్కగా ఉంది, కానీ వీసా మార్చాలి. ఎక్కువ రాత్రులు జర్మనీలో కాబట్టి దరఖాస్తు జర్మనీకే పెట్టాలి. రెండు చోట్లా సమానంగా ఉంటే మొదట దిగే దేశానికి. పది రోజుల ముందు అస్సలు కుదరదు, కనీసం 15 రోజుల ముందు ఇవ్వాలి, ఆరు నెలల ముందు నుంచే తీసుకుంటారు. అపాయింట్‌మెంటు దొరకడం కష్టం కాబట్టి ఆగస్టులోనే మొదలుపెట్టమని రాయండి. 30,000 యూరోలకు తగ్గని ప్రయాణ వైద్య బీమా ఉండాలి. పాస్‌పోర్టు పదేళ్ళ లోపు జారీ అయి ఉండాలి, తిరిగి వచ్చే తేదీ తర్వాత మూడు నెలలు చెల్లాలి.

కోరమంగళ_కిరణ్
షికాగో కాల్ చూడండి. ఆ ఆదివారమే యూరప్ గడియారం వెనక్కు వెళ్తుంది, అమెరికా ఇంకో వారం ఆగుతుంది. మామూలుగా ఫ్రాంక్‌ఫర్ట్‌కూ షికాగోకూ 7 గంటల తేడా. ఆ వారం మాత్రం 6. ఫ్రాంక్‌ఫర్ట్‌లో 4:00 అంటే షికాగోలో 10:00. మీ హెచ్‌ఆర్ ఆ తేదీలు కావాలనే ఇచ్చారని నా అనుమానం.

హెబ్బాళ_వాణి
'శనివారం రాత్రి, 3:00' అన్నది ఇంకా ప్రమాదం. తెల్లవారుజామున 3 గంటల విమానం మీద ఉండే తేదీ ఆదివారం. శనివారం అని టికెట్ కొంటే ఒక రోజు ముందు విమానం ఎగిరిపోతుంది. ఆదివారం అని డ్రైవరుకు చెబితే ఒక రోజు ఆలస్యంగా వస్తాడు. వారం, తేదీ, 'శనివారం అర్ధరాత్రి దాటాక' అని మూడూ రాయండి. అంతర్జాతీయ విమానాలు దేవనహళ్ళి విమానాశ్రయంలో రెండో టెర్మినల్ నుంచి, అది కూడా రాయండి. వైట్‌ఫీల్డ్ నుంచి బూదిగెరె మీదుగా వెళ్తే హెబ్బాళ రద్దీ తగలదు. కారును 10:30కి పెట్టండి, 11:30 వద్దు.

లెక్కల_లక్ష్మి
విదేశీ ఖర్చుల అడ్వాన్సు గురించి ఒక వరుస చేర్చండి. హెచ్‌ఆర్ కన్నా ముందు ఫైనాన్స్ వాళ్ళు మెచ్చుకుంటారు.

మదనపల్లె_మాధురి
అన్నీ మార్చాను. వీసా జర్మనీకి, ఆగస్టులో దరఖాస్తు, బీమా, అడ్వాన్సు. కాల్ ఫ్రాంక్‌ఫర్ట్ 4:00, షికాగో 10:00, బెంగళూరు రాత్రి 8:30 అని మూడు గడియారాలూ రాశాను. అందుకు కారణం కూడా కింద ఒక వాక్యంలో పెట్టాను. రేపు ఉదయం పంపాలి.

జయనగర్_పాత_స్టెనో
మూడు గడియారాలూ వేశావు చూడు, బాగుంది తల్లీ.

హెబ్బాళ_వాణి
డ్రైవరు పేరు, ఫోను నంబరు పేజీ అడుగున కాకుండా పైన పెట్టండి. అర్ధరాత్రి గుమ్మం ముందు నిలబడినప్పుడు ఆయన వెతికేది అదొక్కటే. ఆ మార్పు చేసి పంపించేయండి.